రణభూమియు వీరగాథయు

యుద్ధము ముగిసిన కొన్నాళ్లకే రణభూమి తిరిగి పొలమగును. పడినవారి ఎముకలపై నాగలి సాగును. గెలిచినవాడు తన పేర ఒక శిలను నిలుపును. ఓడినవాని పక్షమున ఒక పాట పుట్టును. పిమ్మట శిల ఒరిగిపోవుటయు, పాట మరుగుపడుటయు కూడ కలవు. కావున చారిత్రకములైన యుద్ధభూములను కాపాడవలెనను మాట వినవచ్చినప్పుడెల్ల మనము ముందుగా వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. కాపాడవలసినది నేలయా, శిలయా, పాటయా?

ఇది పురావస్తు శాఖవారి ప్రశ్న, మనకేల యని సాహిత్యకారులు అనుకొనవచ్చును. కాని మన దేశమున రణభూములలో అధికభాగము మనకు తెలిసియుండుట పాటల వలననే. పాట లేనిచో కారెంపూడి పల్నాటిలోని అనేక గ్రామములలో ఒక గ్రామము. నాగులేరు ఒక చిన్న యేరు. మరియు చట్టము చేయగల రక్షణకు ఒక హద్దు కలదు. 1958వ సంవత్సరపు ప్రాచీన స్మారకముల చట్టము కట్టడమును, దిబ్బను, సమాధిస్థలమును, గుహను, శాసనమును, ఏకశిలను గుర్తించును. అవి నూరేండ్లకు తక్కువ కాని ప్రాచీనత కలవై యుండవలెను. శిథిలములో, పురావస్తువులో దొరకు స్థలమును కూడ గుర్తించును. కాని పైన ఏమియు నిలువని, క్రింద ఏమియు దొరకని ఒట్టి బయలు, అందు వేలమంది మడిసినను, ఆ లెక్కలోనికి సులభముగా రాదు. చట్టమునకు కనబడని ఆ బయలును కనబడునట్లు చేయగలది వాఙ్మయమే. అట్లు చేయుటలో మన వాఙ్మయము ఎంతవరకు న్యాయముగా నడచుకొన్నదో విచారించుట విమర్శకుని పని.

నా అభిప్రాయమును ముందే చెప్పుదును. నేలను, శిలను, పాటను కలిపి నిలుపు సూత్రము పేరు. అక్కడ పడిన మనిషి పేరు. ఆ పేరు నిలిచినచోట మూడును నిలిచినవి. పేరు జారిపోయినచోట శిల అలంకారముగను, పాట వినోదముగను, నేల బేరపు సరకుగను మారినవి.

తెలుగునేలపై ఈ సంప్రదాయము మిక్కిలి పాతది. పల్నాటి సీమ అంచున, కృష్ణాతీరమున, నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభములు బయల్పడినవి. అవి క్రీస్తుశకము 3, 4 శతాబ్దులకు చెందినవి. మృతుల స్మృతికై నిలిపిన ఆ స్తంభములు రాజబంధువులకే పరిమితములు కావు. సేనానాయకులకును, యుద్ధమున కూలిన భటులకును, శిల్పులకును కూడ నిలిపిరి. కూలిన బంటునకు ఒక రాయియు, ఆ రాతిపై ఒక వ్రాతయు నుండవలెనను భావము పదునేడు శతాబ్దులకు పూర్వమే ఈ సీమలో కలదన్నమాట. తరువాతి కాలమున తెలుగు, కన్నడ దేశములందంతట వెలసిన వీరగల్లులు ఆ భావమునకు కొనసాగింపులే.

ఆ స్తంభముల తరువాతి చరిత్ర కూడ గమనింపదగినది. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగినది. లోయ మునుగునని తెలిసి 1954 నుండి 1960 వరకు పెద్దయెత్తున త్రవ్వకములు సాగించి, దొరకిన శిలలను కొండపైకి చేర్చిరి. ఆ కొండ నేడు జలాశయము నడుమ ద్వీపము. అది గొప్ప కృషి, సందేహము లేదు. అయినను ఫలితమేమి? శిల దక్కినది, చోటు పోయినది. చూడవచ్చినవాడు స్తంభమును చదువగలడు గాని, అది యే దారిప్రక్క, ఏ యింటివారి కన్నుల యెదుట నిలిచెనో ఊహించుకొనవలసినదే.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము అదే పల్నాటిలో, అక్కడికి ఎంతో దూరము కాని కారెంపూడిలో కలదు. అక్కడ శిలలు చిన్నవి, చోటు పోలేదు. 12వ శతాబ్ది చివరిపాదమున గురజాల, మాచెర్ల పక్షముల నడుమ జరిగిన దాయాదుల పోరు కథ తెలుగు పాఠకులకు క్రొత్త కాదు. నలగామరాజు, నాయకురాలు నాగమ్మ ఒక వైపు. మలిదేవాదులు, బ్రహ్మనాయుడు మరియొక వైపు. కోడిపందెము, వనవాసము, అలరాజు రాయబారము, అతని మరణము, తుదకు నాగులేటి యొడ్డున రణము. ఈ కథను నేను తిరిగి చెప్పబోను. ఆ కథ మూడు రూపములలో బ్రతికియున్నదనియు, ఆ మూడును ఒకటి కావనియు మాత్రము చూపదలచితిని.

మొదటిది గ్రంథరూపము. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపదను అక్కిరాజు ఉమాకాంతముగారు పరిష్కరించి 1911లో ప్రకటించిరి. చదువుకొన్న తెలుగువారికి పల్నాటి వీరులు తిరిగి పరిచయమైనది ఆ ప్రకటన తరువాతనే. కర్తృత్వమును గూర్చి పండితులలో భిన్నాభిప్రాయములున్నవి. వాని జోలికి నేను పోను. ఆ ద్విపదలో బాలచంద్రుని ఘట్టములు మన వీరకావ్యములలో మేలుబంతులు. తల్లి వద్ద, మాంచాల వద్ద అతడు సెలవు తీసికొను సన్నివేశములలోని సంయమనము నేటి కథకుడు కూడ నేర్చుకొనదగినది. కాని ఆ సౌందర్యమే ఒక నష్టమును తెచ్చినది. నాటకకర్తలు, చిత్రనిర్మాతలు ఆ ఘట్టములనే పట్టుకొనిరి. 1947లోను, 1966లోను వచ్చిన పల్నాటి యుద్ధము చిత్రములతో సామాన్యప్రేక్షకునికి ఆ యుద్ధము నలుగురైదుగురు ప్రధానపాత్రల కథగా స్థిరపడినది.

రెండవది గానరూపము. దీని ప్రాచీనతకు క్రీడాభిరామమే సాక్షి. ఓరుగంటి వీథిలో ఒక స్త్రీ పల్నాటి వీరుల కథను పాడుటను ఆ గ్రంథము వర్ణించినది. అనగా కారెంపూడికి ఎంతో దూరమున, ఆ నేలను ఎన్నడు చూచి యెరుగని శ్రోతల నడుమ కూడ ఆ పాట అప్పటికే నిలిచినది. నేటి కాలమున ఈ గానమును మోయుచున్నవారు విద్యావంతులను పేర పల్నాటిలో వ్యవహరింపబడు గాయకులు. వీరు మాలవారు. అమెరికా పండితుడు జీన్ రోఘైర్ అట్టి గాయకుని పాటను ధ్వనిముద్రణము చేసి, ఆంగ్లమున అనువదించి, విపులమైన అధ్యయనముతో 1982లో ఆక్స్‌ఫర్డు నుండి ప్రకటించెను. గ్రంథరూపముతో పోల్చిచూచినచో గానరూపము ఎంత విశాలమో అప్పుడు గాని లోకమునకు తెలియలేదు. దేవతల పుట్టుకలు, వంశముల వలసలు, మ్రొక్కుబడులు, ఇండ్లలోని మాటలు అందులో కలవు. ద్విపదలో యుద్ధము ఒక వీరుని పరాక్రమము. పాటలో అది ఒక సీమ యొక్క జ్ఞాపకము.

మూడవది ఆచారరూపము. ఏటేట కార్తిక అమావాస్య నుండి అయిదు దినములు కారెంపూడిలో వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. బ్రహ్మనాయుని నృసింహకుంతము, కన్నమదాసు భైరవఖడ్గము పూజలందుకొనును. వీరాచారవంతులు దూరపు గ్రామముల నుండి తమతమ యింటి వీరుని కొణతమును మోసికొని వత్తురు. జాతిభేదము పాటింపక ఒకే పంక్తిని భుజించు చాపకూడు జరుగును. వీరుల గుడిలో నిలిపినది ఒక్క నాయకుని విగ్రహము కాదు. పడిన వీరులకు గుర్తులుగా వరుసలు తీర్చిన శిలలే అక్కడి మూర్తులు.

ఇందు విమర్శకునికి ఆసక్తి కలిగించు విషయమొకటి కలదు. కథలో కోడిపోరు ముందు, వనవాస కాలపు మందపోరు తరువాత, అలరాజు రాయబారము ఆపైని. ఆచారములో ఈ వరుస తలక్రిందులైనది. రాయబారముతో మొదలిడి, మందపోరు మీదుగా, కోడిపోరునకు పోయి, అచటినుండి కల్లిపాడునకు చేరుదురు. ఇది పొరపాటని కొట్టివేయుట తేలిక. నాకు మాత్రము ఇందొక వివేకము తోచును. చెడిన సంధి నుండి, దానికి వెనుకనున్న పగకు, ఆ పగకు మూలమైన పందెమునకు ఆచారము మెట్టుమెట్టుగా దిగును. ఇంత చిన్న కారణమునకా ఇందరు పడిరి అని గ్రహించిన మరునాడే పడినవారి బయలులో నిలుచును. కావ్యము చెప్పలేనిది ఆచారము చెప్పుచున్నది. కార్యమునుండి కారణమునకు నడచు ఈ నిర్మాణమును మన నాటకకర్తలెవ్వరును ఇంతవరకు ఉపయోగించుకొనకపోవుట వింత.

కారెంపూడి ఆదర్శమని నేననుట లేదు. ఆ స్మృతిలోను లోపములు కలవు. గురజాల పక్షమున కూలినవారికి పాటలో దక్కిన చోటు స్వల్పము. నాగమ్మ, ఒక స్త్రీ మంత్రిత్వము నెరపుటయే నేరమన్నట్లు, కుట్రకు మారుపేరై పోయినది. ఆమె బుద్ధిబలమును గుర్తింప యత్నించిన ఆధునిక రచయితలు కూడ తరచుగా ఆమెను పొగడుటతో తృప్తిపడిరి గాని, ఆమె వెనుక నిలిచి పోరిన సామాన్యుల వైపు చూపు త్రిప్పలేదు. ఒక పక్షము మృతులనే స్మరించు రణభూమి సగము రణభూమియే. అయినను ఒక పక్షమునకైనను కన్నమదాసు వంటి మాల సేనాని పేరు ఎనిమిది వందల యేండ్లకు పైగా చెక్కుచెదరక నిలుచుట సామాన్యము కాదు. దానికి కారణము వెదకిన, ఆయన పేరును ప్రతియేట ఎలుగెత్తి పలుకు నోరులు, ఆయన ఖడ్గమును పూజించు చేతులు ఉండుటయే యని తేలును.

అనువాదకునిగా ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. ఇట్టి గాథలను పరభాషలోనికి తీసికొనిపోవునపుడు కష్టము పెట్టునవి సమాసములు కావు; చిన్న మాటలు. పల్నాటిలో ‘వీరుడు’ అనగా పరాక్రమవంతుడని మాత్రమే అర్థము కాదు. పోరున పడి, పూజార్హుడైన మృతుడని అర్థము. ‘హీరో’ అని ఆంగ్లమున వ్రాసితిమా, మరణము జారిపోవును; ‘దేవుడు’ అని వ్రాసితిమా, మనిషి జారిపోవును. ‘చాపకూడు’ను సహపంక్తి భోజనమనినచో సంస్కరణ సభ తోచును గాని, చాపపై కుప్పవోసిన అన్నము కనబడదు. ‘కల్లిపాడు’ను రణరంగమనినచో నాగులేటి గాలి తగులదు. ఈ మాటలు ఆ నేలకు అంటుకొని పెరిగినవి. నేల పోయినచో మాట నిఘంటువులో ఒక ఆరోపమగును; మాట పోయినచో నేలకు హద్దురాళ్లు మాత్రము మిగులును. రణభూమిని కాపాడుట భాషను కాపాడుటలో భాగమని నేననుటకు కారణమిదియే.

ఇక పేరు నిలువనిచోట ఏమగునో బొబ్బిలి చూపును. 1757 జనవరి 24న బుస్సీ సేనలు, విజయనగర ప్రభువు విజయరామరాజు బలములు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించినవి. కోట నిలువదని తెలిసినపుడు లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపి, పోరి మడిసిరి. కోట పడినప్పుడు లేని తాండ్ర పాపయ్య కొలది దినములకే విజయరామరాజును ఆయన గుడారముననే పొడిచి చంపెను. ఈ వృత్తాంతమును ఆంగ్లేయ చరిత్రకారుడు రాబర్టు ఆర్మె 18వ శతాబ్దిలోనే వ్రాసెను. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రముగా ప్రబంధించెను. జంగములు కథగా పాడిరి. వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకమొనర్చిరి. 1964లో చలనచిత్రము వచ్చినది. 1891లో బొబ్బిలి మహారాజు ఆ రణస్థలమున స్మారకస్తంభము నెత్తించెను. శిలయు, పాటయు, చరిత్రయు, ప్రబంధమును, నాటకమును అన్నియు కలవు. స్మృతికి ఇంతకన్న సంపద యేది?

అయినను పరిశీలించి చూడుడు. రంగారావు, వెంగళరావు, మల్లమ్మ, పాపయ్య, వారి కెదురుగా విజయరామరాజు, బుస్సీ. ఈ కొలది పేర్ల చుట్టే అన్ని రచనలును తిరుగును. కోట గోడలపై పడినవారు ‘బొబ్బిలి పులులు’ అను బిరుదులో ఒక్కటై కరగిపోయిరి. బిరుదు గొప్పదే. కాని బిరుదు పేరునకు బదులు కాదు. చిచ్చులో, కత్తివాదరలో పోయిన స్త్రీలను రచయితలు ఒక ఉజ్జ్వల ఘట్టముగా చిత్రించిరి. వారికి వేరు దారి నిచ్చియుండిరా, వారిలో ఎవరైన కాదనిరా అను ప్రశ్న ఏ రచనలోను గట్టిగా వినబడదు. విజయనగర పక్షమున కూలినవారును తెలుగు తల్లుల బిడ్డలే. వారికి పాటలో చోటే లేదు.

ఆర్మె వృత్తాంతములో ఒక ఘట్టము నన్నెప్పుడును వెంటాడును. రంగారావు పసికుమారుని ఒక వృద్ధుడు చావునుండి తప్పించి తెచ్చి, లా అను ఫ్రెంచి సేనాధికారి కప్పగించెనట. సర్వమును నాశనము చేయవలెనని నిశ్చయించుకొన్న కోటలో, ఆ నిశ్చయమునకు ఎదురుతిరిగి, ఒక ప్రాణమును నిలిపిన మనిషి ఆతడు. బొబ్బిలి వంశము నిలుచుటకు, ఆ వంశమువారు తరువాత స్తంభము నిలుపుటకు మూలము ఆతడే కదా! చరిత్రకారుని పుటలో ఆతడు ‘వృద్ధు’డు మాత్రమే. చంపుటలో చూపిన తెగువకు బిరుదులు వచ్చినవి. బ్రతికించుటలో చూపిన తెగువకు పేరైనను దక్కలేదు. మన వీరసాహిత్యపు తూకమును ఈ ఒక్క విషయము బయటపెట్టుచున్నది.

పేర్లు చెక్కినచో ఏమి జరుగగలదో తెలియుటకు తెలుగుదేశము దాటి మహారాష్ట్రమునకు పోవలెను. 1818 జనవరి 1న భీమానదీ తీరమున కోరేగాఁవ్‌లో కుంఫిణీ సేనకును, పేషువా సేనకును పోరు జరిగినది. పిమ్మట కుంఫిణీవారు తమ విజయగర్వమునకై అచట ఒక స్తంభము నెత్తిరి. దానిపై తమ పక్షమున మడిసిన సిపాయిల పేర్లు చెక్కించిరి. 49 పేర్లలో 22 మహారులవి. నిలిపినవారి ఉద్దేశము రాజ్యగౌరవము. కాని 1927లో డాక్టరు అంబేద్కర్ అచటికి వెళ్లిన నాటినుండి ఆ పేర్లు మరియొక విధముగా చదువబడినవి. ఊరిబయట నిలుపబడిన జాతి తన పితరుల శౌర్యమును ఆ రాతిపై చదువుకొన్నది. శిలకు అర్థము నిర్ణయించునది దానిని నిలిపినవాడు కాదు, దానిని చదువువాడు. చదువుటకు అందు పేర్లుండవలెను. రాజు బిరుదులే చెక్కియుండినచో ఆ స్తంభము నేడు ఒంటరిగా ఎండలో నిలిచియుండెడిది.

బొబ్బిలి కోట పడిన యేటనే జరిగిన ప్లాసీ యుద్ధపు కథ ఇందుకు వేరుగా నడచినది. ఆ భూమిలో అధికభాగమును, ప్రసిద్ధమైన మామిడితోపును భాగీరథి నది కోసివేసినది. 1875లో నవీనచంద్రసేనుని కావ్యము వెలువడి వంగదేశీయుల మనస్సులలో ఆ భూమిని తిరిగి నెలకొల్పినది. నదికి అందని రణభూమిని కవి కట్టగలడు. ఆ శక్తి మనకు ఉన్నదని తెలిసినపుడు, అందులో ఎవరికి చోటిచ్చుచున్నామను బాధ్యత కూడ మనదేయగును.

అందుచేత మనవంటివారు చేయదగిన పనులు కొన్ని స్పష్టముగ కలవు. వీరగాథల భిన్నపాఠములను ఒకే ‘శుద్ధపాఠము’గా కుదించు అలవాటు మానవలెను. పల్నాటి పాటకు గాయకుడు గాయకునికి, ఊరు ఊరికి గల భేదములు తప్పులు కావు. ఆయా యిండ్ల మృతుల పేర్లు తరచుగా ఆ భేదములలోనే దాగియుండును. వానిని ధ్వనితోసహా భద్రపరచి, పాడినవాని పేరును గ్రంథకర్త పేరువలె ముఖపత్రమున నిలుపవలెను. కొణతములు ఏయే గ్రామముల నుండి వచ్చునో, ఏ యే వీరుని పేర వచ్చునో వ్రాసిపెట్టినచో, అది ఏ శాసనసంపుటమునకును తీసిపోని గ్రంథమగును. పల్నాటి పేరనే 2022లో ఒక జిల్లా ఏర్పడినది. పేరు పెట్టుట మంచిదే. ఆ పేరునకు అర్హమైన పుస్తకము కూడ జిల్లా గ్రంథాలయములలో ఉండవలెను గదా! నాటకమునకు, నవలకు పూనుకొనువారు నాయకుల ప్రతిజ్ఞలను మరల వ్రాయుటకు మారుగా, కోటలోని ఆ వృద్ధుని వ్రాయవచ్చును. గురజాల బంటును వ్రాయవచ్చును. అట్టి రచన పగను రేపదు. పగ నాయకుల పేర్లపై బ్రతుకును. పడినవారి పేర్లు చదువుకొన్నచోట అది చల్లబడును.

స్మారకములను మెరుగుపెట్టువారికి కూడ ఒక విన్నపము. రాతిపలకలు పరచి, దీపములు పెట్టి, గుఱ్ఱముపై కత్తి యెత్తిన విగ్రహమును నిలిపినంత మాత్రమున రణభూమి దక్కినదని భావింపరాదు. కారెంపూడి శిలలకు శిల్పసౌందర్యము లేదు. అయినను ఏటేట ఆ శిలల యెదుట ఒక ఊరివాడు తన కొణతమును దించి, తన వీరుని పేరు పలుకును. ఆ పలుకు ఆగిన నాడు ఎంతటి ప్రాకారము కట్టినను ఆ గుడిలో మిగులునవి రాళ్లే. ఆ పలుకును వినుట, విన్నదానిని వ్రాసి నిలుపుట కలము పట్టినవారి వంతు. పాడువారు ఉన్నప్పుడే ఆ పని జరుగవలెను.